పరిశీలించడమైనది

“ముందు పేరు చదువు,” అంది సత్తెమ్మ.

ఎల్లేశం కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. “పేరుండదమ్మా. ‘మీ ఫిర్యాదు పరిశీలించడమైనది’ అని ఉంది.”

“ఎవరు పరిశీలించిండ్రు?”

“అది రాయరు. ఆఫీసు రాత గట్లనే ఉంటది.”

“చేసినోడు లేకుండ పని ఎట్లయితదిరా? దయ్యం చేసిందా?”

అరుగు మీది ఆడవాళ్ళు నవ్వారు. సత్తెమ్మ నవ్వలేదు.

జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ వచ్చి ఏడాది కాలేదు. దాని మురుగు కాలువ ఈ ఊరి బావి దాకా పాకింది. నీళ్ళు పచ్చబడ్డాయి. సత్తెమ్మ వంగతోట పూతమీదే మాడిపోయింది. ఈనబోయే బర్రె కాళ్ళు తన్నుకుని చచ్చింది. పిల్లల మోకాళ్ళ కింద పుండ్లు. పోనీ పనైనా ఇస్తారా అంటే, ఈ ఊరి మొగవాళ్ళను గేటు దగ్గర నిలబడనివ్వలేదు.

ఊళ్ళో ఇంగ్లీషు ముక్క వచ్చింది ఎల్లేశానికే. యూనివర్సిటీలో బీకాం. పొద్దున్నే సద్ది గిన్నె కట్టుకుని సైకిలెక్కితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాడు. ఫీజుకు స్కాలర్‌షిప్పు వస్తోందన్నాడు. సత్తెమ్మ ఇంకేం అడగలేదు.

ఊరి తరఫున ఫ్యాక్టరీకి ఉత్తరాలు రాసేది ఎల్లేశమే. వచ్చిన జవాబు చదివి చెప్పేదీ అతనే.

“సంతకం మేనేజరుదే. ఆయన సంతకం మటుకే పెడ్తడు,” అన్నాడు తల్లి కోపం చల్లారుతుందని. “రాసేటోడు ఎవడో గుమాస్తా ఉంటడు.”

“అట్లనా! అయితే ఆ గుమాస్తాగాడే నాకు గావాలె.”

యూనివర్సిటీలో వ్యాపార లేఖల పాఠం చెప్పేది యజ్ఞనారాయణగారు. అమలాపురం మనిషి. మడత నలగని పంచె, నలగని మాట.

“కోపం మీ కడుపులో ఉండాలండీ, కాగితం మీద కాదు,” అనేవారాయన. “కాదు అనాలి. కానీ ‘కాదు’ అనే మాట ఎక్కడా కనపడకూడదు. చేసినవాడి పేరు చెప్పకండి. చేయడమైనది అనండి. అవతలివాడు ఎవర్ని తిడతాడండీ ఇంక?”

క్లాసు గొల్లున నవ్వింది. ఎల్లేశం రాసిన కాగితం చూసి, ఆయన అతని భుజం తట్టారు. “చెయ్యి బాగా తిరిగిందోయ్ నీకు. ఇంత మెత్తగా రాసేవాణ్ణి నేను చూడలేదు.”

ఎల్లేశం తల వంచుకున్నాడు.

రెండో జవాబు వచ్చింది. ‘తగిన సమయంలో తగిన చర్య తీసుకొనబడును.’

“చూసినవారా వాడి రాత!” అంది సత్తెమ్మ కొడుకుతో. “పీక కోస్తున్నడు, నెత్తురు చుక్క కనపడనిస్తలేడు. నువ్వు రాసేదేమో ఉప్పు లేని గంజి. వాడు చదివిన కాలేజీల నిన్నెయ్యాలె!”

“ఇంకోటి గట్టిగ రాస్తనమ్మా.”

“రాయి. జర నెత్తురుండేటట్టు రాయి.”

మూడో జవాబు ఎల్లేశం చదవలేక చదివాడు. గ్రామస్తులు బావిగట్టు మీదే పశువులను కడుగుచున్నారట. నీరు చెడిపోవుటకు అదే కారణమని అభిప్రాయపడడమైనదట. ఇకముందు ఉత్తర ప్రత్యుత్తరములు జరపబడవట.

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. పక్కింటి నీలమ్మ చంకలోని పిల్ల పుండు గోక్కుంటూ ఏడుస్తోంది.

“బర్లను బావికాడ కడుగుతమని గా కుర్సీల కూసున్నోనికి ఎట్ల ఎరుక?” అంది సత్తెమ్మ. గొంతు లేవలేదు. ఎల్లేశానికి అదే భయం.

“ఊహించి రాసి ఉంటరు.”

“మన బర్రె మన బావి నీళ్ళు తాగి చస్తే, కడిగినందుకు చచ్చిందంటడా? వాడు తల్లి పాలు తాగి పెరిగిండా, గా మురుగు తాగి పెరిగిండా?”

లోపలికి పోయి బిందె తీసింది. బావి నీళ్ళు నింపి చుట్టకుదురు మీద నెత్తికెత్తుకుంది.

“యాడికమ్మా?”

“ఫ్యాక్టరీకి. ఉత్తరం రాసినోడు నా ముందర గ్లాసెడు తాగాలె. తాగి బతికితే నేను నోరు మూస్త.”

“పోలీసులను పిలుస్తరు. నా మాట ఇను. ఇంకొక్క ఉత్తరం రాస్త.”

“ఉత్తరాల్లేవు! నీ చదువు అక్కెరకు రాకపాయె. నాకు ఇంగిలీసు రాదు. వాడేమంటడో చెప్పెటందుకన్నా రా!”

“రేపు పోదం.”

“ఇయ్యాల్నే.” కొడుకు రెక్క పట్టుకుంది. “నీకు సిగ్గయితే నా ఎన్క నడువు.”

ఎండలో నడిచారు. నీలమ్మ పిల్లను చంకనేసుకుని వెంట వచ్చింది. బిందె తొణికి పచ్చటి నీళ్ళు సత్తెమ్మ మెడ మీదుగా కారాయి. ఆమె తుడుచుకోలేదు. దారి పొడవునా ఆ గుమాస్తాను తిడుతూనే ఉంది. వాడి చేతులు పడిపోవాలంది. వాడి ఇంట్లో నీళ్ళు ఎండిపోవాలంది. ఎల్లేశం మెడలోని తువ్వాలు నెత్తిన వేసుకుని, నుదుటి మీదికి లాక్కుని, ఆమె వెనకే నడిచాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. బిందెను చూసి మొహం చిట్లించాడు.

“ఎవరమ్మా మీరు? ఎవరు గావాలె?”

“మా ఊరికి జవాబులు రాసేటోడు గావాలె,” అంది సత్తెమ్మ, బిందె దించి గేటుకు అడ్డంగా పెట్టి. “వానికి పేరు లేదంట. వాణ్ణి బయటికి పిలువు. లేదంటే నేనే లోపటికొస్త.”

వాచ్‌మన్ ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, బీడీ పారేసి, చటుక్కున లేచి సలాం కొట్టి అన్నాడు: “లోపటికెందుకమ్మా, ఆ జవాబులు రాసే మా ఎల్లేశం సారు నీ ఎన్కనే నిలబడ్డడు గద!”