మేజోళ్ళ సుంకం

“ఆ మేజోళ్ళకి నేను కట్టిన సుంకంతో ఇక్కడ కొత్త కాళ్ళే కొనుక్కోవచ్చక్కా,” అంది చెల్లెలు ఫోన్లో.

అక్క ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెల్లెలుండేది సముద్రాల అవతల. అక్కడి చలికి దాని కాళ్ళు కొయ్యబారిపోతాయని ఉన్నితో మేజోళ్ళు అల్లి, కొన్ని వారాల కిందట కొరియర్ కౌంటర్లో ఇచ్చింది.

“ఈసారి కూడా వేశారా? విలువ సరిగ్గానే రాశానే.”

“రాశావులే. నేను పని మానుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను. అక్కడి ఆఫీసరమ్మ నన్ను దొంగసరుకు తెప్పించినదాన్ని చూసినట్టు చూసింది.”

“సరిపోయాయా మరి?”

“ఇంకా విప్పలేదు. కోపంలో ఓ మూల పడేశా. ఇంతకీ ఏ రంగువి?”

“నెమలికంఠం రంగు.”

“ఆ రంగు నాకు నప్పదని నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు.”

అక్కణ్ణుంచి మాట చిన్నప్పటి గౌను మీదికి, గౌను మీదనుంచి దాన్ని చింపిన మేనమామ సైకిలు మీదికి, సైకిలు మీదనుంచి మేనమామ మోకాళ్ళ నొప్పి మీదికి వెళ్ళింది. సుంకం సంగతి ఇద్దరూ మర్చిపోయారు. పెట్టేసే ముందు చెల్లెలే గుర్తు తెచ్చుకుని, అక్కని ఇంకో విడత తిట్టి పెట్టేసింది.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇద్దరి మధ్యా తపాలా ఆవిడే. దీని కబురు దానికీ, దాని కబురు దీనికీ కాస్త ఉప్పూకారం జల్లి మరీ అందించేది. ఆవిడ పోయాక మాటలు “ఏంటి విశేషాలు?”, “ఏమున్నాయి, నువ్వే చెప్పు” దగ్గర ఆగిపోయేవి. ఆ తర్వాత అవీ లేవు. పొద్దున్న ఒకరు పువ్వు బొమ్మ పంపితే, సాయంత్రానికి రెండోవారు బొటనవేలి బొమ్మ పంపేవారు.

అలాంటి రోజుల్లోనే అక్క మొదటిసారి ఓ పార్శిల్ కట్టింది. దిండు గలీబులు. కస్టమ్స్ కాగితం నింపే పని భర్త మీదేసుకుని, మరదలి ముందు పరువు తక్కువ కాకూడదని వాటి విలువ దర్జాగా రాశాడు. అవతలి దేశం వాళ్ళు ఆ దర్జాకి తగ్గట్టే వడ్డించారు. చెల్లెలు ఫోన్ చేసి, బావని వదిలేసి, అక్కని తనివితీరా దులిపేసింది.

అప్పట్నుంచీ కాగితం అక్కే నింపుతోంది. ఉన్న విలువ ఉన్నట్టు, బహుమతి అని కూడా రాస్తోంది. ఇంత చిన్నవాటికి సుంకం పడదని కౌంటర్లో ఆయన ప్రతిసారీ చెబుతాడు. కట్టానని చెల్లెలు ప్రతిసారీ ఫోన్ చేస్తుంది.

“మానెయ్యరాదూ,” అన్నాడు భర్త, మడతపెట్టిన బట్టల్లోంచి తన చొక్కా లాక్కుంటూ. “ప్రేమ నీది, జరిమానా ఆ పిల్లది.”

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. నిజమే, పంపితే దానికి ఖర్చు. పంపకపోతే మళ్ళీ పువ్వులూ, బొటనవేళ్ళూ. రాత్రంతా అటూ ఇటూ దొర్లి, తెల్లారాక ఒక నిశ్చయానికొచ్చింది. కౌంటర్లో ఆయన్నే నిలదీస్తుంది. సుంకం తప్పదంటే ఇదే ఆఖరి పార్శిల్. దారిలో కూరలు కూడా తేవచ్చని సంచీ, చెల్లెలి తిట్లలోంచి ఏరిన పదునైనవి నాలుగూ పట్టుకుని బయల్దేరింది.

కౌంటర్లో ఆయన వేళ్ళకి అంటుకున్న టేపు ఊడదీసుకుంటూ, ఆమెకంటే ముందే నోరు తెరిచాడు.

“రండమ్మా. నిన్నట్నుంచీ మీకే చేస్తున్నా. ఎప్పుడు చేసినా మీ ఫోను బిజీ.”

“ఎందుకుండదూ? మీ ధర్మమా అని మా చెల్లెలి చేత తిట్లు తింటున్నా,” అంటూ ఆమె రశీదు తీసి బల్ల మీద పెట్టింది.

ఇంటికొచ్చేసరికి భర్త పేపర్లోంచి తలెత్తాడు.

“ఏమన్నాడు?”

“తప్పు నాదేనట. కాగితంలో ఒక గడి వదిలేశానట.”

“ఏ గడి?”

“లోపల ఏముందో రాసే గడి. విలువ దగ్గర నాలుగుసార్లు సరిచూసుకుని, అసలు వస్తువు పేరే రాయలేదు.”

“అదీ సంగతి. అందుకే బాదారన్నమాట.” నన్నంటావు గానీ అన్నట్టు చూశాడాయన. ఆమె సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది. “మరి మానేస్తున్నావా?”

“ఎందుకు మానడం? పంపుతూనే ఉంటా.”

“జరిమానా?”

“అది కట్టుకుంటుంది లెండి.”

నిన్నటిదాకా చెల్లెలి ఖర్చు తల్చుకుని కుమిలిపోయిన మనిషేనా అని ఆయన కాసేపు ఎగాదిగా చూశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచే అడిగాడు.

“కూరలేవీ?”

“మర్చిపోయా.”

ఇంతలో ఫోన్ మోగింది. చెల్లెలే. నిన్న చెప్పడం మర్చిపోయిందట. ఆఫీసరమ్మ పొట్లాన్ని నాలుగువైపులా నొక్కి చూసి, ఉన్ని వాసనకి మూతి తిప్పుకుందట.

“మొత్తం ఎంత పడిందే?”

చెల్లెలు ఒక్క క్షణం ఆగి ఓ అంకె చెప్పింది.

“అయ్యో. చాలాసేపు నిలబెట్టారా?”

“కాళ్ళు పీక్కుపోయాయనుకో. అంతా నీ వల్లే.”

అక్క కళ్ళు ఒత్తుకుని, గోడకి జారగిలబడి కాళ్ళు చాపుకుంది.

“తిట్టవే. ఇవాళ నాకు వేరే పనేం లేదు.”

చెల్లెలు మొదలుపెట్టింది.

దేశం దాటకుండానే వెనక్కొచ్చిన మేజోళ్ళ పార్శిల్ అక్క ఒళ్ళోనే ఉంది.