ఎప్పటికీ మూఢమేనట

గురుగ్రహాన్ని రెండో సూర్యుణ్ణి చేసి మూడేళ్లయింది. రాత్రిళ్లు లైటు వెయ్యకుండానే బియ్యం ఏరుకుంటున్నాం. మా ఊళ్లో పెళ్లిళ్లు మాత్రం ఆగిపోయాయి.

"సూర్యుడి వెలుగులో గురుడు కనపడకపోతే మూఢం, ముహూర్తాలు పెట్టం. ఇప్పుడు గురుడే సూర్యుడైపోయాడు. ఇక ఎప్పటికీ మూఢమే వకుళా!" అన్నారు మా పురోహితులు అవధాని గారు.

అమ్మ చేట పక్కన పెట్టి కళ్లొత్తుకుంది. నన్ను చేసుకోబోయే మురారి, ఎప్పట్లాగే, ఆయన మాటకి తలూపాడు. నాకు ఒళ్లు మండింది.

"ఒక్కసారి మేడ మీదికి రండి" అని అవధాని గారిని తీసుకెళ్లాను. మిట్టమధ్యాహ్నం. అంత ఎండలోనూ తూర్పున గురుడు తళతళా మెరుస్తున్నాడు.

"కనపడుతున్నాడా?"

"కనపడుతున్నాడనుకో. కానీ శాస్త్రం..."

"మా అక్క పెళ్లి పగలే చేశారు మీరు. ఇలాంటి ఎండలోనే నిలబెట్టి, అదుగో అరుంధతీ నక్షత్రం అన్నారు. చూశానని దానిచేత అనిపించారు. కనపడని చుక్కని ఆరోజు చూపించారు కదా, కనపడుతున్న గురుణ్ణి ఈరోజు లేడంటే ఎలా ఊరుకుంటాను? వచ్చే గురువారం, ఆయన వారం నాడే, ఈ మేడ మీద, ఆయన ఎదుటే పీటల మీద కూర్చుంటున్నాం. మీరొస్తే సంతోషం. రాకపోయినా ఆగం."