కన్ను గుర్తు

బస్సు డ్రైవరు డ్యూటీ దిగి వచ్చి, ఫోను స్పీకర్లో పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో బావమరిదితో యుద్ధం ఆట ఆడుతున్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. శత్రువుకి కనబడ్డ ట్యాంకు మీద ఎర్రగా కన్ను గుర్తు వెలగడం ఆ ఆటలో పద్ధతి.

ట్యాంకుల్ని గోడ వెనక పెట్టాడు. కళ్ళు వెలిగాయి. గుట్ట వెనక్కి మార్చాడు. వెలుగుతూనే ఉన్నాయి.

"ఎక్కణ్ణుంచి చూస్తున్నావురా?"

"నాకేం కనబడట్లేదు బావా. నా ట్యాంకులింకా ఏటికి అవతలే ఉన్నాయి. బస్సు తోలేవాడికి చెప్తే తాతకు దగ్గులు నేర్పినట్టే గానీ, దాక్కునేముందు వెనక్కి పోయే దారి చూసుకో."

ఎవరు చూస్తున్నారో చూపించే మీట నొక్కాడు. ట్యాంకుల మీంచి లేచిన ఎర్ర గీతలన్నీ పొలం దాటి, తెర కింది అంచు దాటి, నేరుగా అతని వైపే వచ్చాయి. అతని వెనక ఉన్నది తలుపు ఒక్కటే.

పై ప్రాణాలు పైనే పోయాయి. తిరిగి చూసే ధైర్యం లేక, ల్యాప్‌టాప్ ఎత్తుకుని, తల వంచుకుని బీరువా వెనక సందులోకి దూరాడు. కళ్ళన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

హమ్మయ్య అనుకోబోతుంటే వీపుకి చల్లగా గోడ తగిలింది. కుడిపక్కా గోడే. బయటికి దారి ఎడమపక్క ఒక్కటే.

బల్ల మీద వదిలేసిన ఫోను మాట్లాడింది.

"బావా, కుర్చీ ఎందుకలా ఈడుస్తున్నావు?"

అతను ఊపిరి బిగబట్టాడు. తెర మీద ఎడమ చివరి ట్యాంకుకి కన్ను వెలిగింది. కాసేపటికి దాని పక్కదానికి.