అమ్మేటోని బార

కోయిలకుంట్ల సంతలో భీమక్క చేంతాడు తెచ్చి, అమ్మిన ఓబులేసు ముందే పడేసింది.

"పది బారలంటివి. బొక్కెన నీళ్లకు అందల్యా!"

ఓబులేసు పొట్టి చేతులు రెండూ బార్లా చాపి కొలిచాడు. సరిగ్గా పది.

"అవి నీ బారలు" అంది భీమక్క.

"అమ్మేటోని బారే లెక్కక్కా, యాడైనా అంతే. కాదంటే కర్నూలు రాజధానై కొత్త గవర్మెంటొచ్చింది గదా, ఆడ చెప్పుకో పో."

"కర్నూలు దూరమప్పా. నా చేతులు ఈడే ఉండాయి."

ఓబులేసు కంటే జానెడు పొడుగున్న భీమక్క చేతులు చాపి కొలిచింది. తొమ్మిది బారలకే తాడు అయిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే నవ్వు. ఓబులేసు గొణుక్కుంటూ ఇంకా పొడుగు తాడు తీసిచ్చాడు.

ఊరి దారి పట్టిన భీమక్క వెనకాలే అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా, రేపు నేను తాళ్లు కొనేకి పోతాండా. నువ్వు గూడా రావల్ల."

"నేనెందుకప్పా?"

ఓబులేసు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆడ తాళ్లు పేని అమ్మేటోడు నా కంటే పొట్టోడక్కా!"

భీమక్క పగలబడి నవ్వింది.

"వస్తా. అయితే కొనేటప్పుడు నా చేతులైతే, అమ్మేటప్పుడూ నా చేతులే."