ఎడమ చెయ్యెత్తిన వాళ్లు

"పిల్లలకు చేతుల సంగతి చెప్పావా?" గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగాడు శిక్షణ సూపర్‌వైజర్.

"చెప్పలేదు సార్. చెప్పను కూడా," అంది ఆ అమ్మాయి.

ఆరో తరగతి గది బయట వరండాలో ఉన్నారిద్దరూ. ఆమె చంకలో దారంతో కట్టిన చార్టులు, చేతిలో సుద్దముక్క. విశ్వవిద్యాలయం విద్యావిభాగంలో టీచరు శిక్షణకు ఇది చివరి పరీక్ష. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు వెనక బెంచీలో కూర్చుని చూస్తుండగా ఒక పాఠం చెప్పాలి. గట్టెక్కితే పట్టా. లేకపోతే శిక్షణ మళ్లీ మొదటి నుంచి.

చేతుల సంగతి విభాగంలో అందరికీ తెలుసు. టీచరు ప్రశ్న అడగగానే పిల్లలంతా చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల వాళ్లనే లేపుతుంది. పరీక్షకులకు మాత్రం క్లాసంతా చేతులే కనిపిస్తాయి.

"సంస్కర్తవి బయల్దేరావా తల్లీ? మీ సీనియర్లు, వాళ్ల సీనియర్లు, నేను, అందరం ఇలాగే బయటపడ్డాం."

"మరి జవాబు రాని పిల్లల్ని ఎప్పుడు అడగాలి సార్?"

"ఉద్యోగం వచ్చాక అడుక్కో, తీరిగ్గా."

"ఇక్కడ అలవాటైందే కదా సార్ అక్కడా చేస్తాను."

"ఇవాళ వచ్చేది నాకు పాఠాలు చెప్పిన మేడమ్. ఆవిడ ముందు నా పరువు తియ్యకు. ఫెయిలైతే నీకు ఏడాది పోతుంది."

"పోనివ్వండి."

సూపర్‌వైజర్ తనే లోపలికి వెళ్లాడు. "పిల్లలూ, చేతుల సంగతి..."

"మాకు తెలుసు సార్! ప్రతి ఏడూ చెబుతారుగా," అన్నారు పిల్లలు.

పరీక్షకురాలు వచ్చి కూర్చున్నారు. సూపర్‌వైజర్ ఆమె పక్కనే కూర్చున్నాడు. పాఠం మొదలైంది. అమ్మాయి బోర్డు మీద దీర్ఘచతురస్రం గీసింది. చుట్టుకొలత అంటే ఏమిటో, వైశాల్యం అంటే ఏమిటో చెప్పింది. తర్వాత అడిగింది: "రెండు బొమ్మల చుట్టుకొలత సమానమైతే, వైశాల్యం కూడా సమానంగానే ఉంటుందా?"

చేతులన్నీ లేచాయి. సూపర్‌వైజర్ వెనక్కి వాలాడు.

"నేను చెప్తా టీచర్! నేను చెప్తా!" ముందు బెంచీ పిల్లవాడు కుడిచెయ్యెత్తి బెంచీ మీదకు ఎక్కబోతున్నాడు. ఆమె అతన్ని దాటి, చివరి వరుసలో రెండు జడల పిల్ల దగ్గర ఆగింది.

"నువ్వు చెప్పమ్మా."

ఆ పిల్ల తన చెయ్యి తనే చూసుకుంది. "టీచర్... నాది ఎడమ చెయ్యి."

క్లాసు గొల్లుమంది. సూపర్‌వైజర్ దగ్గాడు.

"చూశాను. అందుకే నిన్ను అడిగాను. తప్పయినా ఫర్వాలేదు, నీకేమనిపిస్తోంది?"

"సమానమే టీచర్. చుట్టూ అంతే ఉంటే లోపలా అంతే ఉంటుంది కదా."

అమ్మాయి చార్టుల కట్టు విప్పి, దారం రెండు కొసలూ ముడివేసింది. రెండు జడల పిల్లనూ, ఎడమచెయ్యెత్తిన ఇంకో పిల్లనూ ముందుకు పిలిచింది. ఇద్దరి వేళ్లకు దారం తగిలించి చతురస్రం చేయించింది.

"ఇప్పుడు చెరోవైపు లాగండి. దారం తగ్గిందా?"

"లేదు టీచర్."

"లోపలి చోటు?"

ఇద్దరూ లాగారు. దారం పోగులు రెండూ దగ్గరికొచ్చి అతుక్కున్నాయి.

"అయ్యో, చోటే లేదు టీచర్!" అంది రెండు జడల పిల్ల.

ముందు బెంచీ పిల్లవాడు మెల్లగా చెయ్యి దించాడు. "టీచర్, నేనూ సమానమే అనుకున్నా."

"మరి కుడిచెయ్యెత్తావేరా?"

"నాకు తెలుసనుకున్నా టీచర్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మిగతా పిల్లలు దారం మాకివ్వండంటే మాకివ్వండని ఎగబడ్డారు. అందరి వేళ్లకూ దారం తిరిగేసరికి గంట కొట్టారు. చార్టులు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. పాఠ్యప్రణాళికలో సగం మిగిలిపోయింది.

వరండాలోకి రాగానే సూపర్‌వైజర్ అందుకున్నాడు. "మేడమ్, ఈ అమ్మాయి మొండిది. ఎంత చెప్పినా..."

పరీక్షకురాలు అమ్మాయి వైపు తిరిగారు. "పాఠం పూర్తి కాలేదు."

"కాలేదు మేడమ్."

"ఎడమచేతుల వాళ్లనే లేపావు. ఆ చేతుల అర్థం తెలిసే లేపావా?"

"తెలిసే మేడమ్. మీరు ఫెయిల్ చేసి, వచ్చే ఏడు మళ్లీ ఇక్కడే నిలబెట్టినా వాళ్లనే లేపుతాను."

సూపర్‌వైజర్ ముఖం మాడిపోయింది. ఆ పాత చేతుల పద్ధతిని మేడమ్ గుర్తుపట్టారని అర్థమైంది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"నా తప్పేం లేదు మేడమ్. ఈ చేతుల పద్ధతి మా బ్యాచ్‌కి మీరు నేర్పిందే కదా!"

పరీక్షకురాలు కలానికి మూత పెట్టారు.

"నేర్పానయ్యా. ఎడమచేతుల వాళ్లను ముందు లేపమని."