ఎలమంచిలి దాకా

"వద్దంటే వద్దండి. ఆ హైవే మీద లారీలు మిమ్మల్ని సూసుకుని నడుత్తాయేటి?" అంది అప్పాయమ్మ. కాఫీల వేళ మొదలైన తగువు, పొయ్యి మీదికి కూర ఎక్కినా తెగలేదు.

యేసుదానం వాకిట్లో కూర్చుని గేర్ల సైకిలు టైర్లు నొక్కి చూసుకుంటున్నాడు. మేనల్లుడు అరుణ్ కుమార్ విశాఖపట్నంలో కొత్త సైకిలు కొనుక్కుని, ఈ పాతదాన్ని క్రిస్మస్ సెలవుల్లో తెచ్చి మావయ్యకిచ్చాడు. కొండలెక్కడానికి చేసిన సైకిలు. ఏ గేరులో తొక్కడం తేలికో, ఏ గేరులో బరువో అతను ఇంటిల్లిపాదికీ విడమరచి చెబుతుంటే, "మునగపాక పొలాల్లో కొండలెక్కడున్నాయిరా?" అని యేసుదానం నవ్వేశాడు. గేర్ల జోలికి పోనేలేదు.

ఆయన కిందటేడే రిటైరైన సోషల్ మాస్టారు. శనివారం వస్తే చాలు, చెరకు తోటల మధ్య నుంచి మునగపాక, రాంబిల్లి మీదుగా ఎలమంచిలి వెళ్ళి, హైవే వెంట ఇంటికొస్తాడు. దారిలో పాత గుళ్ళు, శాసనాలు చెక్కిన రాళ్ళు చూస్తాడు. సర్వీసంతా పుస్తకంలో చూపించిన చరిత్రని ఇప్పుడు చేత్తో తడిమి చూస్తున్నానంటాడు. ఆయనతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారు త్రినాధరావు ఆ హైవే మీదే లారీ గుద్ది పోయాడు. అప్పాయమ్మ ఆ సంగతి మరిచిపోలేదు. ఆయన మరిచిపోయినట్టే ఉంటాడు.

"సరదాకి కాదే" అన్నాడు యేసుదానం లేస్తూ. "మా నాన్నా, అన్నయ్యా ఇద్దరూ అరవై చూడకుండానే పోయేరు. ఎలమంచిలి వెళ్ళి రాగలిగితే నాకింకా బలం ఉన్నట్టే. అది ఉన్నన్నాళ్ళూ సుజిని చదివిత్తాను."

సుజి పేరు వచ్చేసరికి అప్పాయమ్మ కూర కలపడానికి లోపలికెళ్ళిపోయింది. కూతురు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. హైదరాబాద్ వెళ్ళి ఎమ్మెస్సీ చదవాలని దాని కోరిక. దానికంటే ఎక్కువగా అది తల్లి కోరిక. తండ్రి మంచాన పడ్డాడని అప్పాయమ్మని ఏడో తరగతిలోనే బడి మాన్పించారు. రాంబిల్లి నుంచి మంచి సంబంధం అంటూ కబురొస్తే, పిల్ల చదువుకుంటోందని ఆవిడే తిప్పి పంపింది.

మర్నాడు యేసుదానం వెళ్ళాడు. ఎప్పుడూ ఎండ తగ్గకముందే ఇంట్లో ఉండేవాడు, దీపాలు పెట్టే వేళకి చేరాడు. తొడలు పట్టేశాయన్నాడు. ఎండ దెబ్బేమో అనుకున్నారు. తర్వాతి వారం ఇంకా ఆలస్యమైంది. ఆపై వారం రాంబిల్లి దాటలేక, సైకిలు బస్సు మీదికెక్కించుకుని తిరిగొచ్చాడు. అప్పాయమ్మ నువ్వుల నూనె వెచ్చబెట్టి ఆయన కాళ్ళకి రాస్తూ పమిటతో కళ్ళొత్తుకుంది.

"మానీండి. ఈ వయసులో మనకేటవసరం?"

"ఇప్పుడు మానేత్తే చేతగాక మానేసినట్టే."

గదిలోంచి ఆయన తల్లి చిన్నమ్మలు ఇదంతా వింటూ పడుకుంది. భర్తనీ పెద్దకొడుకునీ సాగనంపిన మనిషి. వాళ్ళకీ ముందు కాళ్ళే బరువెక్కాయని మెల్లగా అంది. ఆ మాట విన్నాక యేసుదానం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అప్పాయమ్మే పోరి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈసీజీ తీశారు, రక్తం పరీక్ష చేశారు. ఏ లోపమూ లేదని, కుర్రాడి గుండెలా ఉందని డాక్టరు చెప్పాడు. దారి పొడుగునా ఆవిడ ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెబుతూ నడిచింది.

"మిషను సంగతి మిషను చెప్తాది. తొక్కేవి నా కాళ్ళు గదా" అన్నాడు యేసుదానం.

సైకిలు ఓసారి షాపులో చూపిద్దామని సుజి అంటే దానికీ ఒప్పుకోలేదు. "దానికేటీ అవలేదమ్మా. మీ అమ్మ వారం వారం అద్దంలా తుడిచి పెడతంది. లోపం నాలోనే ఉంది." ఈ మాట మాత్రం ఎవరి మొహం చూడకుండా అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకి కూర్చున్నారు. చిన్నమ్మలుకి కూడా పీట వేశారు. యేసుదానం అన్నం కలుపుతూ, పాఠం చెప్పినంత నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"నిన్న మునగపాక దాటలేకపోయేను. చెరకు బండి నన్ను దాటేసి పోయింది. ఎడ్లు కూడా జాలిగా చూసేయి."

నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"సైకిలు అరుణ్‌కి తిరిగిచ్చేత్తాను. ఇంక ఎక్కను."

"స్తోత్రం ప్రభువా" అనుకుంది అప్పాయమ్మ. ఆవిడ మొహంలో చాలాకాలానికి వెలుగు కనిపించింది.

"ఇంకో మాట. రాంబిల్లి వాళ్ళకి పొద్దున్నే ఫోను చేసేను. ఈస్టరు దాటగానే సుజి పెళ్ళి. హైదరాబాద్ లేదు, ఏమీ లేదు. నేనుండగానే అది ఒక ఇంటిది అవ్వాలి."

చిన్నమ్మలు తల ఊపి కళ్ళు తుడుచుకుంది. సుజి చేతిలోని ముద్ద కంచంలోకి జారిపోయింది.

"నాన్నా, నాకు సీటొత్తాది..."

"వచ్చినా రెండేళ్ళమ్మా. అన్నాళ్ళు నేనుండాలి గదా."

సుజి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వయినా చెప్పు."

అప్పాయమ్మ పెదవులు కదిలాయి. ఆయన ఆవిడ వైపే చూస్తున్నాడు, ఒక్క మాటంటే మళ్ళీ ఆలోచిస్తానన్నట్టు. బయట హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆవిడ గరిట తీసుకుని ఆయన కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

వారం వారం గేరు బరువుకి మార్చింది అప్పాయమ్మే.