ఆరో రేకు

"తప్పు పెట్టమంటారేంటండీ? నా చేత్తో నేను తప్పు అల్లుకోవడమేంటండీ?"

రత్నమాణిక్యం లేసు సూది పక్కన పడేసి లేచి నిలబడింది. ఆవిడ అరుగు మీద కూర్చుని అల్లుతున్న పదిమంది ఆడవాళ్ళూ చేతులు ఆపేశారు. పట్టపగలు దొంగతనానికి రమ్మని పిలిచినవాణ్ణి చూసినట్టు జోగేశ్వరరావు వంక చూశారు.

నరసాపురంలో లేసు వ్యాపారం చేసే జోగేశ్వరరావుకి ఒళ్ళు మండిపోయింది. గంట నుంచీ ఇదే మాట నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నాడు.

"రత్నమాణిక్యమ్మా, నా మాట వినమ్మా. మనం పంపిన నలభై గుడ్డలూ వెనక్కి వచ్చేశాయి. ఎందుకో తెలుసా? మరీ బాగున్నాయని!"

"బాగుంటే ఉంచుకుంటారు గానీ వెనక్కెందుకు పంపుతారండీ?"

"అదే నా ఖర్మ!" అంటూ సంచీలోంచి రంగురంగుల పుస్తకం ఒకటి తీశాడు. 'గ్రీసు దేశంలో చూసి తీరాల్సిన పాత కొండ ఊళ్ళు, 1982' అని ఇంగ్లీషులో ఉంది. అట్ట మీద కొండవాలుకి అతుక్కున్న రాతి ఇళ్ళు, రాతి కప్పులు. వీధులు ఉండాల్సిన చోట మెట్లు. ఆ మెట్ల మీద మూటలు మోస్తూ ఒక గాడిద.

"ఇదీ ఊరు. మూడొందల ఏళ్ళ నాటిదంట. దేశదేశాల నుంచి చూడ్డానికి వస్తారు. వచ్చినవాళ్ళకి ఆ ఊరి ముసలమ్మలు అల్లిన లేసు కావాలి. ముసలమ్మలా, నలుగురే మిగిలారు. వాళ్ళకీ కళ్ళు ఆనడం లేదు. అందుకని ఏథెన్సులో కొట్టు ఉన్న దొర మనల్ని అల్లి పంపమన్నాడు."

అందరిలోకీ చిన్నదైన వీరవేణి పుస్తకం అందుకుని అటూ ఇటూ తిప్పింది. "కాలవ లేదు, కొబ్బరిచెట్టు లేదు. ఈ రాళ్ళల్లో ఏం చూస్తారండీ?"

"ఏదో ఒకటి చూస్తారులేమ్మా! మన లేసు చూసి మాత్రం నమ్మట్లేదంట. ఒక్క కుట్టు కూడా జారలేదు, ఇది ముసలమ్మ పని కాదు, మెషీన్ మీద చేసిందే అంటున్నారంట."

మెషీన్ అనేసరికి రత్నమాణిక్యం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మెషీనంటారా! కుట్టు ఒక్కటి తప్పితే మా అమ్మ గుడ్డంతా విప్పించేదండి."

జోగేశ్వరరావుకి జాలేసింది. కానీ ఏం చేస్తాడు? సొంతంగా సంపాదించుకున్న మొదటి విదేశీ బేరం ఇది. ఇదికాస్తా పోతే మళ్ళీ పెద్ద వ్యాపారుల గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడాలి. అందుకే రెండు చేతులూ జోడించాడు.

"గుడ్డకి ఒక్కటి. ఒక్కటంటే ఒక్క తప్పు. నాకోసం అల్లమ్మా."

"సరేనండి. అల్లుతాం," అంది ఆవిడ, మొహం అటు తిప్పుకుని.

ఇరవై రోజుల తర్వాత రత్నమాణిక్యం అరుగు మీద మూట సిద్ధంగా ఉంది. ఆ సాయంత్రమే పార్సెల్ పోస్టులో పడాలి. జోగేశ్వరరావు ఆత్రంగా మొదటి గుడ్డ విప్పాడు. వరసగా పదమూడు పువ్వులు, పువ్వుకి ఆరు రేకులు. నడిమి పువ్వుకి మాత్రం ఐదే! ఆరో రేకు ఉండాల్సిన చోట ఖాళీ. ఎంత చక్కటి తప్పు! అతనికి ఎగిరి గంతేయాలనిపించింది.

రెండో గుడ్డ విప్పాడు. నడిమి పువ్వుకి ఐదు రేకులు. మూడోది విప్పాడు. నడిమి పువ్వుకే. ఇంక ఓపిక పట్టలేక నలభై గుడ్డలూ నేలమీద పరిచేశాడు. నలభైలోనూ నడిమి పువ్వే, అదే రేకు.

"ఏంటమ్మా ఇదీ!"

"తప్పేనండి. మీరు పెట్టమన్నదే."

"అన్నిట్లోనూ ఒకే చోట ఉందేంటి?"

"నేనొకటి అల్లి నమూనా ఇచ్చానండి. అందరూ దాన్ని చూసే అల్లారు. కావాలంటే కొలుచుకోండి, వెంట్రుకవాసి తేడా ఉండదు."

"తేడా ఉండాలమ్మా! ఒక్కోదాంట్లో ఒక్కోచోట ఉండాలి!"

"తలో రకంగా ఉంటే అది పనెలా అవుతుందండీ?"

జోగేశ్వరరావు తల పట్టుకుని కూర్చున్నాడు. ఈవిడతో వాదించడం తన వల్ల కాదు. మూట ఎత్తుకుని ఇంటికి పరుగెత్తి భార్య జగదాంబ ముందు కుమ్మరించాడు.

"కొన్నిట్లోనైనా ఆ రేకు అల్లి పూడ్చెయ్. నలభైకి నలభై ఒకేలా ఉంటే మళ్ళీ మెషీనంటారు."

"పోస్టాఫీసు కట్టేయడానికి గంట కూడా లేదండీ!"

ఆ గంటలో జగదాంబ ఎంత గింజుకున్నా రెండు గుడ్డలే బాగుపడ్డాయి. మిగతా ముప్ఫై ఎనిమిదీ అలాగే కట్టి, ఉసూరుమంటూ పార్సెల్ చేశాడు జోగేశ్వరరావు. ఆనాటి నుంచి పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, అతనికి అన్నం సయించేది కాదు.

మూడు నెలలకి ఏథెన్సు నుంచి కవరు వచ్చింది. అందులో ఆ కొండ ఊళ్ళ పుస్తకమే, కొత్తగా అచ్చు వేసింది. గాడిద బొమ్మ కింద ఇదివరకు లేని నాలుగు వాక్యాలు ఉన్నాయి. జోగేశ్వరరావు కూడబలుక్కుంటూ చదివాడు.

'ఈ ఊరి లేసు తప్పక చూడండి. నడిమి పువ్వుకి ఎప్పుడూ ఐదు రేకులే ఉంటాయి. యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని కొడుకు కోసం తల్లులు ఆరో రేకు అల్లకుండా వదిలేస్తారు. ఇది మూడు వందల ఏళ్ళ ఆచారం.'

ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత దానికి గుచ్చి ఉన్న ఉత్తరం విప్పాడు.

'వెంటనే మరో ఐదు వందలు పంపండి. రెండు గుడ్డలు మాత్రం తిప్పి పంపుతున్నాం. వాటిలో నడిమి పువ్వుకి ఆరు రేకులు ఉన్నాయి. ఇంత ఘోరమైన తప్పు మళ్ళీ జరగకుండా చూసుకోండి.'